డాబా తోట డైరీ: గులాబీలకు ఉప్పెవరు పోశారు?

2024 ఆగస్టు 25, ఆదివారం

రావులపాలెంలో పెళ్లికి వెళ్లి తిరిగొస్తూ కడియం నర్సరీలుండే కడియపులంక దగ్గర కారు ఆపించాను. ఆపించాలని ఇంట్లో బయల్దేరినప్పుడే అనుకున్నాను, మా ఆయనకు మాత్రం చెప్పలేదు. హైవేకి రెండు పక్కలా మొక్కలే ఉన్న చోట పది నిమిషాలని దిగి గంటన్నర ఉన్నాం. డిక్కీలోకి ఎక్కినవి: ఆరు గులాబీలు (నాలుగు హైబ్రిడ్, ఒక పన్నీరు గులాబీ, ఒక చిన్నపూల గుత్తి రకం), ఒక ఆమ్రపాలి మామిడి అంటు, ఒక బాలాజీ నిమ్మ, తైవాన్ జామ, సపోటా అంటు. విశాఖలో మా పెదవాల్తేరు దాకా దాదాపు రెండొందల కిలోమీటర్లు జామ కొమ్మ ఒకటి నా చెవిలో పొడుస్తూనే ఉంది.

నర్సరీ అబ్బాయి ప్రతి పండ్ల మొక్కనూ చూపించి "ఇది పొట్టి రకమేనండి" అన్నాడు. అన్నీ పొట్టివే అయితే పొడుగువి ఎవరు కొంటున్నారో! నిజానికి నేను తెచ్చినవాటిలో పుట్టుకతో పొట్టిది ఆమ్రపాలి ఒక్కటే. దశేరీని నీలంతో కలిపి ఢిల్లీ భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో తయారుచేసి 1971లో బయటికి తెచ్చిన రకం, ఏడాది విడిచి ఏడాది కాకుండా ఏటా కాస్తుంది, తోటల్లో వేసేవాళ్లు కూడా రెండున్నర మీటర్లకో మొక్క చొప్పున పెట్టేస్తారు. మిగతావి డ్రమ్ము ఇరుకు వల్లా, నా కత్తెర వల్లా పొట్టిగా ఉండాల్సినవే. మా అత్తయ్యకు మాత్రం సువర్ణరేఖ కావాలి. ఉత్తరాంధ్ర వాళ్లకు ఎండలు మొదలయ్యాయంటే ఆ ఎర్రబుగ్గ కాయే కదా మరి. ఆ చెట్టును డ్రమ్ములో కూర్చోబెట్టడం నా వల్ల కాదని చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు.

2024 సెప్టెంబరు 1

కొనేటప్పుడు రాని భయం కొన్నాక వచ్చింది, డాబా ఈ బరువు మోస్తుందా అని. మనుషులు ఎక్కి తిరిగే ఇంటి డాబాకు మన దేశంలో చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్కవేసి కడతారు. నేను తెచ్చినవి రెండొందల లీటర్ల నీలం డ్రమ్ముల్ని అడ్డంగా రెండుగా కోసిన సగాలు. ఒక్కో దానిలో 85 లీటర్ల మట్టి పడుతుంది, తడిశాక నూటపది కిలోలు ఎక్కడికీ పోదు. డ్రమ్ము ఆక్రమించే జాగా చదరపు మీటరులో పావు వంతే, అంటే ఆ పావు మీదే అంత బరువు. అందుకని నాలుగు డ్రమ్ముల్నీ నడిమధ్య కాకుండా పిట్టగోడ వెంట, కింద బీములు వెళ్తున్న గీత మీద, ఒకదానికొకటి దూరంగా పెట్టాం. అడుగున ఇటుకలు, నీళ్లు జారడానికి, శ్లాబు చెమ్మెక్కకుండా ఉండడానికి. డ్రమ్ము కొనేటప్పుడు అందులో ఇంతకుముందు ఏం పోశారో అడగడం మర్చిపోవద్దు, నేను మొదట చూసినది మూత తీస్తేనే కళ్లు మండాయి. వేరే కొట్టుకి వెళ్లాను.

మట్టి: ఎర్రమన్ను ఒక పాలు, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, డ్రమ్ముకి రెండు గుప్పిళ్లు వేపపిండి. ఇసుక కలపమన్నారు కానీ మన దగ్గర అడిగితే ఉప్పు పట్టిన సముద్రపు ఇసుకే వస్తుందేమో తెలియదు, కలపలేదు. ఉప్పు గురించి ఈ ప్రాజెక్టులో నేను ముందే ఆలోచించినది అదొక్కటే. మిగతాదంతా తర్వాత బుద్ధొచ్చి తెలుసుకున్నదే.

2024 సెప్టెంబరు 8

చవితి మర్నాడు. నిన్నటి నుంచీ ఒకటే వాన, బయటికి పోయే పని లేదు, వరండాలో కూర్చుని గులాబీల కవర్లు విప్పాను. కడియం గులాబీ కొన్నవాళ్లందరికీ ఈ బంకమట్టి ముద్ద తెలిసే ఉంటుంది. దూరాలు పోయినా వేరు కదలకుండా ఉండాలని గట్టి నల్లమట్టిలో పెంచుతారు, ప్రయాణానికి బాగానే ఉంటుంది, కుండీలోకి అలాగే దించితే మాత్రం చుట్టూ మెత్తటి మట్టి తడిసి, మధ్యలో ముద్ద రాయిలాగా పొడిగా ఉండిపోతుంది. మనం రోజూ నీళ్లు పోస్తూనే ఉంటాం, మొక్క దాహంతో చస్తూనే ఉంటుంది.

బకెట్లో ముద్దను మునిగేలా పెట్టి ఒక గంట వదిలేశాను. తర్వాత చేత్తో నొక్కితే అంచులు వెన్నలాగా జారాయి, లోపలి గుప్పెడు మాత్రం అలాగే ఉంది. దాన్ని పూర్తిగా విడదీయలేదు, పైపై రెండు వేళ్ల మందం తీసేసి, బయటికి కనపడిన తెల్లవేళ్లని విడదీసి నాటాను. ఒక మొక్కకి ఆత్రంగా మొత్తం మట్టి కడిగేశాను, అది నాలుగో రోజుకే తల వాల్చిందని తర్వాత చేరుస్తున్నాను. మిగిలినవి ఐదు. అంటు కట్టిన బొడిపె మట్టి పైకే ఉండేలా చూసుకున్నాను.

2025 జనవరి 19

మధ్యలో రాయడానికేం లేదు, అంతా బాగుండడమే కారణం. డిసెంబరు నుంచి గులాబీలు విరగబూశాయి. ఎరుపు హైబ్రిడ్ ఒక్కటే పండగ నాటికి తొమ్మిది పూలు ఇచ్చింది. మామిడి రెండు గుత్తులు పూత వేస్తే తెంపేశాను, అంటు మొక్క చిన్నప్పుడే కాయ మోస్తే కాండం కట్టదు. అత్తయ్య రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "వచ్చిన లక్ష్మిని గిల్లేస్తావేటమ్మా" అన్నారు.

2025 ఏప్రిల్ 13

ఏం జరుగుతోందో అర్థం కావడం లేదు. ఫిబ్రవరి చివర్లో గులాబీ ఆకుల కొసలు గోధుమరంగు తిరగడం మొదలైంది. మొదట ఎండ అనుకున్నాను. ఆ తర్వాత అంచులు మొత్తం, ఎవరో అగ్గిపుల్లతో ఆకు చుట్టూ గీసినట్టు సన్నగా కాలిపోయి, లోపలి భాగం మాత్రం పచ్చగానే ఉంటోంది. మామిడికీ అంతే, కొసల నుంచి కాలుతోంది. నిమ్మ ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. సపోటా మాత్రం ఏమీ ఎరగనట్టు నవ్వుతోంది.

నల్లమచ్చ తెగులు కాదు, దానికి గుండ్రటి మచ్చ ఉంటుంది, మచ్చ చుట్టూ పసుపు వస్తుంది, అది వానల్లో చూశాను. తామర పురుగూ కాదు, మొగ్గ కింద తెల్లకాగితం పెట్టి తట్టి చూస్తే ఏమీ రాలలేదు. ఆ పరీక్ష మాత్రం అందరూ చేసుకోవాల్సిందే, తామర పురుగు ఉంటే కాగితం మీద సన్నటి గడ్డిపరక ముక్కల్లాంటివి పడి, రెండు క్షణాలు ఆగి పరుగెడతాయి. ఎర్రనల్లికి ఆకు వెనక చూశాను, అదీ లేదు.

ఫోనులో ఫోటోలు చూపిస్తే మందుల కొట్టాయన మూడు సీసాలు ఇచ్చాడు, తెగులుకొకటి, పురుగుకొకటి, 'బలానికి' ఒకటి. ఆరొందల ఎనభై రూపాయలు. బలం మందు పోసిన వారానికి మిగిలిన అంచులు కూడా కాలాయి. కంగారులో ఇంకాస్త ఎరువు వేశాను. గుత్తి గులాబీ చచ్చిపోయింది, ఎరుపు హైబ్రిడ్ పైనుంచి కిందికి కర్రలాగా ఎండుతూ వస్తోంది.

2025 మే 11, ఆదివారం. దొంగ దొరికాడు

దొరకడం కూడా పిల్ల వల్లే. మా చిన్నది మెట్ల దగ్గరున్న మట్టికుండీ మీద తెల్లగా పేరుకున్న పొరని గోటితో గీకి నాలుకకి రాసుకుని, "అమ్మా, ఉప్పు" అంది. వద్దని అరిచాను, అరిచాక నేనూ నాకి చూశాను. ఉప్పే.

పక్కింటి వాళ్ల దగ్గర తాగునీటికి వాడే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపేది) ఉంటే అడిగి తెచ్చాను. మునిసిపల్ కుళాయి నీళ్లు లీటరుకు 180 మిల్లీగ్రాములు. మేడ మీద ట్యాంకు నీళ్లు 1,340. డ్రమ్ము అడుగు చిల్లులోంచి కారిన నీళ్లు పట్టి పెడితే 3,200! నమ్మకం కుదరక మూడుసార్లు పెట్టాను.

ఆ తర్వాత అన్నీ వాటంతట అవే అతుక్కున్నాయి. చలికాలంలో ట్యాంకులో ఉండేది కుళాయి నీళ్లు. ఫిబ్రవరి నుంచి అవి చాలక బోరు మోటారు వేస్తాం, సముద్రానికి కిలోమీటరు దూరంలో బోరు నీళ్లు అలాగే ఉంటాయి, వాటితో సబ్బు కూడా నురగ రాదని ఇంట్లో అందరికీ తెలుసు, నా బుర్రకి మాత్రం మొక్కలు గుర్తు రాలేదు. ఎండలకి రోజూ నీళ్లు పోస్తాం, నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు కుండీలోనే ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం. పైగా నేను వేసిన ఎరువులూ ఉప్పులే, బలం మందు పోస్తే కాలడం అందుకే. కొబ్బరిపొట్టు ఇటుకని కూడా కడగకుండా వాడాను, మిగిలిన ముక్క నానబెట్టి పిండిన నీళ్లు 1,900 చూపించాయి. ఇక మార్చి నుంచి మధ్యాహ్నాలు వీచే సముద్రపు గాలి. మామిడాకు మీద వేలితో రాస్తే జిగటగా తగులుతుంది, మా కిటికీ అద్దాల మీద పట్టే పొర లాంటిదే. మా వీధిలో ఇనుప గేటుకి రెండేళ్లకోసారి రంగు వేయకపోతే తుప్పు పట్టి పొరలుగా లేస్తుంది. గేటు కోసం జాగ్రత్తపడ్డవాళ్లం ఆకు సంగతి ఆలోచించలేదు.

ఇంతా చేసి అసలు తమాషా ఏంటంటే, అన్ని కుండీల్లోకి ఘోరంగా ఉన్నది ఎరుపు గులాబీదే, దాని చిల్లు నీళ్లు మీటరులో 4,600. బోరు నీళ్లు అందరికీ ఒకటే కదా, దీనికెందుకింత అని బుర్ర గోక్కుంటుంటే, కింద నుంచి అత్తయ్య గిన్నెతో పైకి వచ్చారు. ఆదివారం. పెదజాలరిపేట నుంచి గంపలో చేపలు తెచ్చే ఆమె దగ్గర వంజరం తీసుకున్నాం, ముక్కలు కల్లుప్పు, పసుపు వేసి రుద్ది కడిగారు. ఆ మొదటి నీళ్లు తెచ్చి, అలవాటుగా, నా కళ్ల ముందే, మెట్ల పక్క మొదటి కుండీలో పోసేశారు.

"అత్తయ్యా!"

"ఏటి? చేపల నీళ్లు గులాబీకి బలం. మా పుట్టింట్లో ఎప్పుడూ పోసేవోళ్లం, ఇలా గోడంత ఎత్తు పెరిగేది. అప్పుడు చావని గులాబీ ఇప్పుడు చస్తాదా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. నేలలో ఉన్న మొక్కకి ఒక పెద్ద వాన పడితే ఉప్పంతా కిందికి దిగిపోతుంది. కుండీలో దిగేందుకు చోటేదీ, పైగా అది ఎండాకాలం. మీటరు ముంచి చూపించాను. ఆవిడ అంకెలు చూసి, "ఆ బ్యాటరీ అయిపోయుంటాది" అన్నారు.

2025 మే 18

కడిగే పని. మట్టి ఎంత ఉందో దానికి రెండింతల మంచి నీళ్లు మెల్లగా పోయాలి, ఒక్కసారి గుమ్మరిస్తే పక్కల నుంచి జారిపోతాయి, మధ్యలో ఉప్పు అలాగే ఉంటుంది. కుళాయి వచ్చేది పొద్దున గంటసేపు. రోజుకో డ్రమ్ము. మొదటి దానికి 170 లీటర్లు, బకెట్లు లెక్కపెడుతూ, అరగంటకోసారి చిల్లు నీళ్లలో మీటరు ముంచుతూ: 3,200, 2,450, 1,600, 1,100, చివరికి 720. చేతులు పడిపోయాయి. కారే నీళ్లు మొదట టీ డికాక్షన్ రంగులో వచ్చి, తర్వాత తేలిపోయాయి. వాటితో పాటు గెత్తంలో సారం కూడా కొంత పోయిందని తెలుసు, అది మళ్లీ వేసుకోవచ్చు.

నియమాలు పెట్టుకున్నాను. మొక్కలకి ట్యాంకు నీళ్లు బంద్, కుళాయి నీళ్లు పట్టుకోవడానికి వేరే డ్రమ్ము. నీళ్లు పోస్తే అడుగు నుంచి కొంచెం కారేదాకా పోయడం, చెంచాడు చెంచాడు పోయడం కాదు. కొత్త కొబ్బరిపొట్టు అయితే మూడుసార్లు నానబెట్టి పిండాకే వాడకం. దక్షిణం వైపు పచ్చ నెట్ కట్టాం, రేకు కట్టమన్నారు ఎవరో, రేకు గాలిని ఆపదు, మీదుగా ఎగదోసి ఇవతల సుడి తిప్పుతుంది, గట్టిగా వీస్తే రేకే ఎగిరి ఎవరింటి మీదో పడుతుంది. నెట్ అయితే గాలి అందులోంచే పోతుంది కానీ జోరు తగ్గుతుంది. గాలి ఎక్కువున్న రోజు సాయంత్రం ఆకుల మీద మంచి నీళ్లు కొట్టడం, చీకటి పడే లోపు ఆరిపోయేలా, లేకపోతే గులాబీకి నల్లమచ్చ పిలిచి మరీ తెచ్చుకున్నట్టే.

2025 జులై 20

వానలు పడ్డాక మొక్కల వరస మారిపోయింది. కొత్త ఆకుల అంచులు నున్నగా, కాలిన గీత లేకుండా వస్తున్నాయి. నిమ్మకి చిగుళ్లు, చిగుళ్ల మీద పిట్ట రెట్టలా కనిపించే గొంగళ్లు. ఇవి పెద్దవయ్యాక పచ్చగా మారతాయి, వేలితో ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి తీసి వాసన కొడతాయి. చిన్నది రెండింటిని సీసాలో పెంచుకుంటానంది, సరే అన్నాను, మిగతావి ఏరేశాను. నిమ్మకి ఇంకా నూటికి పైగా ఆకులు లేవు, దానం చేసే స్థితిలో లేదు.

ఎరుపు గులాబీ బతికిందని పండగ చేసుకున్నాను. పైనంతా ఎండిపోయింది కానీ మొదట్లోంచి ఒక కొమ్మ లేచి నెలలో నాలుగడుగులు పోయింది, లేతాకుపచ్చ, ఎంత ఆరోగ్యమో! మీటరు, బకెట్లు, నా తెలివి, అన్నిటికీ ఫలితం ఇదేనని ఫోటోలు తీసి అందరికీ పంపాను. అత్తయ్య వచ్చి చూసి, "ఇది ఆ మొక్క కాదమ్మా, దీని ముళ్లే వేరు" అన్నారు. వేలితో మట్టి తీసి చూశాను. కొమ్మ అంటు బొడిపె కింది నుంచి వచ్చింది. ఆకుకి ఏడేసి రెమ్మలు, పాత ఎరుపుకి ఐదే ఉండేవి. అంటే నేను రెండు నెలలుగా మురిసిపోతున్నది కింది అడవి గులాబీని చూసి, మన ఎరుపు ఎప్పుడో పోయింది. బొడిపె పైన బతికి ఉంటే ఆ కొమ్మని మొదలు దాకా లాగేసేదాన్ని, కత్తిరిస్తే మళ్లీ నాలుగు లేస్తాయి. ఇక్కడ పైన ఏమీ లేదు. ఫోటోలు పంపినవాళ్లకి మళ్లీ మెసేజ్ పెట్టలేదు.

ఆ కొమ్మని ఉంచేశాను. దాని మీద కన్ను అంటు (మంచి రకం మొగ్గ కన్ను తీసి అతికించడం) కట్టడం నేర్చుకుందామని ఆశ.

2025 అక్టోబరు 29

మొంథా తుపాను నిన్న రాత్రి తీరం దాటింది, మాకు దూరంగానే. ఇక్కడ వాన దంచింది, గాలి భయపడ్డంత లేదు. అయినా ఈ ఊళ్లో 2014 అక్టోబరు 12 చూసినవాళ్లకి తుపాను పేరు వింటేనే చేతులు ఆడవు. హుద్‌హుద్ తర్వాత కైలాసగిరి మీద ఆకు లేదు, కొండ గుండు చేయించుకున్నట్టు కనిపించేది. అందుకే మొన్న సాయంత్రమే గులాబీ కుండీలు మెట్ల కిందికి దించాం, నెట్ విప్పేశాం (తడిసిన నెట్ తెరచాపలా లాగుతుంది), డ్రమ్ములు కదలవు కాబట్టి జామని, మామిడిని మూడు వైపులా తాళ్లతో పిట్టగోడ కమ్మీలకి కట్టాం. నష్టం: జామ కొమ్మ ఒకటి, పిందెలు ఎనిమిది, మా ఆయన చెప్పు ఒకటి.

2025 నవంబరు 30

గులాబీల కత్తిరింపు. కత్తిరించిన నలభై ఐదు నుంచి యాభై రోజులకి పూలు వస్తాయి, అంటే ఈ రోజు కోస్తే భోగికి నలభై ఐదు. రెండు హైబ్రిడ్లు, పన్నీరు, కొత్తగా కొన్న ఒక పసుపుది. ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, పెన్సిల్ కంటే సన్నటివి తీసేసి, మిగిలినవాటిని బయటి వైపు చూసే కన్నుకి పావు అంగుళం పైన ఏటవాలుగా కోశాను. కోసిన చోట తెల్లగా ఉంటే సరే, గోధుమరంగు బొట్టు కనిపిస్తే ఇంకాస్త కిందికి. కోతల మీద బోర్డో పేస్టు (తెగులు పట్టకుండా పూసే మైలుతుత్తం, సున్నం ముద్ద). పన్నీరుని తేలిగ్గా సర్దానంతే, అది అంటు కాదు, సొంత వేళ్ల మీద ఉంది, ఈ ఏడాది అన్ని అన్యాయాల్నీ తట్టుకుని నిలబడినదీ అదే. మళ్లీ కొనాల్సి వస్తే సగం కుండీలు పన్నీరే పెడతాను, హైబ్రిడ్ పువ్వు చూడ్డానికి గొప్పే కానీ వాసన పన్నీరుది.

జామకి పిందె నిమ్మకాయంత అయినప్పుడు కాగితం కవరు కట్టాను, పండుఈగ గుడ్డు పెట్టకుండా. కట్టినవి పదకొండులో తొమ్మిది పురుగు లేకుండా తిన్నాం. కట్టనివి మూడు, మూడింట్లోనూ పురుగులే.

2026 జనవరి 11, ఆదివారం

పసుపుది రెండు మొగ్గలు రంగు చూపిస్తున్నాయి, పన్నీరు ఇప్పటికే పూస్తోంది, హైబ్రిడ్లు పండగ దాటాకే అనిపిస్తోంది, చలికి నెమ్మదించాయి. అడవి కొమ్మ మీద కట్టిన కన్ను అంటు మూడింటిలో రెండు నల్లబడ్డాయి, ఒకటి పచ్చగానే ఉంది, గోరుతో గీకి చూడాలన్న చేతిని ఆపుకుంటున్నాను.

మామిడికి ఐదు పూత గుత్తులు. ఈసారి ఒకటి ఉంచుతానని, రెండు కాయలకి మించి మోయనివ్వనని అత్తయ్యతో ఒప్పందం. చిల్లు నీళ్లు పొద్దున 640 ఉన్నాయి. వచ్చే నెల బోరు మోటారు వేసే రోజులు మొదలవుతాయి కాబట్టి ఇంకో డ్రమ్ము కొని కుళాయి నీళ్లకి పెట్టాలి, నెట్ కొత్తది కట్టాలి.

ఇవాళ చందువా చేపలు వచ్చాయి. కడిగిన నీళ్ల గిన్నె పట్టుకుని అత్తయ్య మెట్ల దాకా వచ్చి, నన్ను చూసి, వెనక్కి తిరిగి వెళ్లి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోశారు. దానికి ఉప్పంటే లెక్క లేదు.